నీట్ పీజీ రెండో అటెంప్ట్: పార్ట్ ఏలో వదిలేసిన తొమ్మిది ప్రశ్నలు

2025 ఆగస్టు 19న నీట్ పీజీ రిజల్ట్స్ వచ్చాయి, ఎంబీబీఎస్ తర్వాత ఎండీ లాంటి సీట్ల కోసం రాసే పరీక్షవి. 11 వేల చిల్లర ర్యాంకు. పీడీఎఫ్‌లో నా నంబరు దొరికినా నమ్మకం కుదరక నాన్నని పిలిచాను. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని ఒక్కో అంకె పైకి చదివారు. రెండుసార్లు.

ఏ యాప్ మంచిది, రోజుకి ఎన్ని గంటలు అని జూనియర్లు అడుగుతున్నారు. అవి నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పగలిగేది పోయినేడాది ఎలా పోయిందో.

2024లో ఇంటర్న్‌షిప్ చేస్తూ రాశాను. జూన్ 23 ఆదివారం పరీక్ష. ముందురోజే బస్సెక్కి నేనూ నాన్నా సెంటరున్న ఊళ్ళో దిగాం. రాత్రి పడుకోబోతుంటే బ్యాచ్ గ్రూపులో వాయిదా అని మెసేజ్. ఫేక్ అనుకున్నా. కాదు. సోమవారం మళ్ళీ మెడిసిన్ వార్డులో ఉన్నాను.

తర్వాత దొరికిన ఏడు వారాలూ ఏప్రాన్ జేబులోనే గడిచాయి: ఎడమవైపు ట్యూబులు, కుడివైపు ఫోను. పొద్దున ఆరింటికి శాంపిల్స్ మొదలు. నీలం మూత ట్యూబు గీత దాకా నిండకపోతే ల్యాబ్ వాళ్ళు వెనక్కి పంపేస్తారు, మళ్ళీ వెళ్ళి అదే చెయ్యి పట్టుకోవాలి. "ఇంకెన్నిసార్లు పొడుస్తావమ్మా, ఉన్న రక్తం ఇక్కడే అయిపోయేట్టుంది" అన్నాడొక పెద్దాయన. కోయాగ్యులేషన్ (రక్తం గడ్డకట్టడం) వీడియో అప్పటికి మూడుసార్లు డబుల్ స్పీడులో చూశాను. ఆ ట్యూబులో గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఒక వంతుంటే రక్తం తొమ్మిది వంతులుండాలన్న ముక్క మాత్రం ఆయన చెయ్యి చూశాకే బుర్రకెక్కింది.

ఆగస్టు 11న పరీక్ష. నాకో పాత రోగం ఉంది. అనుమానమున్న ప్రశ్నని జవాబు పెట్టకుండా మార్క్ చేసుకుని, చివర్లో చూద్దాంలే అని ముందుకెళ్ళిపోవడం. ఇంటర్ నుంచీ అంతే. ఐదు పార్టులు, ఒక్కో దానిలో 40 ప్రశ్నలకి 42 నిమిషాలు, టైమైతే లాక్ అని నాకు తెలియక కాదు, డెమో కూడా చేశాను. చేతికి తెలియలేదు, అంతే. పార్ట్ ఏలో రెండు నిమిషాలుండగా చూస్తే తొమ్మిది ఖాళీ. ఒక ఈసీజీ తెరిచి గుండె వేగం కోసం పెద్ద గడులు లెక్కపెడుతున్నాను, 300ని మూడుతో భాగించాలా నాలుగుతోనా అని... స్క్రీను మారిపోయింది. పార్ట్ బి, ఒకటో ప్రశ్న.

36 మార్కులు అక్కడే వదిలేశాను. పార్ట్ బి అంతా ఆ ఈసీజీ గురించే ఆలోచిస్తూ రాశాను కాబట్టి అసలు నష్టం ఇంకా ఎక్కువే. ర్యాంకు 58 వేలు.

ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని ఒకటి పెట్టినా సగటున పావు మార్కు మిగులుతుంది, రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ఒకటిన్నర. ఇంత చిన్న లెక్క ఎండీ చదువుదామనుకునే మనిషికి ఒక ఏడాది పట్టింది.

డ్యూటీ డాక్టరుగా చేరి చదువుకోవచ్చు కదా అన్నవాళ్ళున్నారు. "డాక్టరయ్యాక కూడా పరీక్షలేంటే?" అని మా పిన్ని ప్రతి పెళ్ళిలోనూ అడిగింది. ఇంట్లో కూర్చోవడం బద్ధకం కాదని ఎంతమందికని చెప్తాం? నైట్ డ్యూటీ చేసొచ్చి 19 సబ్జెక్టులు తిరగేసేవాళ్ళున్నారు, వాళ్ళకి దండం. నా వల్ల కాదు.

ఈసారి చేసింది పెద్దగా లేదు. మూడు రివిజన్లు, ఆదివారం జీటీ అనే పూర్తి మాక్ పరీక్ష, చదివినా జారిపోయే వొలటైల్స్‌కి 19 సబ్జెక్టుల నోట్సు కాక ఇరవయ్యో నోట్‌బుక్. రోజూ 42 నిమిషాల అలారం పెట్టి 40 ప్రశ్నలు, ఏదో ఒకటి టిక్ పెట్టకుండా తర్వాతి ప్రశ్నకి పోకూడదు. మొదటి నెల స్కోరు పడిపోయింది, ఏడ్చాను. రెండో నెల పడలేదు. మోటివేషన్ కోసం ఎదురుచూడకండి తమ్ముళ్ళూ, అలారం మోగితే కూర్చోవాలి, అంతే. (ఈ మాట పోయినేడాది నాకెవరైనా చెప్పుంటే ఫోన్ పెట్టేసేదాన్ని.) జూన్ 15 పరీక్ష ఆగస్టు 3కి వాయిదా పడి ఒకే షిఫ్టు అయినప్పుడు మా గ్రూపంతా గగ్గోలు. నేను మాత్రం అన్నం తిని పడుకున్నాను.

పరీక్ష రోజు పార్ట్ ఏ అయ్యేసరికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. మార్క్ చేసినవి పన్నెండు, అన్నిటికీ జవాబు పెట్టే ఉంది. మూడు మార్చాను. ముందే అయిపోయినా తర్వాతి పార్ట్ తెరుచుకోదు కదా, మిగిలిన నిమిషాలు ఊరికే గడియారం చూస్తూ కూర్చున్నాను.