మూడోసారికి నిలిచిన వంగ నారు

నిన్న మా డాబా మీద తొలి కోత కోశాను. నాలుగు వంకాయలు. మృగశిర కార్తెలో మొదటిసారి నారు పోస్తే, కాయ చూసేసరికి కార్తికం వచ్చింది.

కుండీలు, మట్టి, కొబ్బరి పొట్టు ఒక్క పూటలో సమకూరాయి. చిక్కంతా విత్తనంతోనే వచ్చింది.

బజారులో ఒక దుకాణంలో పొట్లం కొన్నాను. వంగ వారం, పది రోజుల్లో మొలవాలి. నేను ఐదో రోజే పుల్లతో మట్టి గెలికి చూశాను. పదిహేను రోజులైనా ఒక్క మొలకా లేదు. నా తొందర వల్లే పాడయ్యాయేమోనని, మిగిలిన గింజల్లో ఇరవై తీసి తడిగుడ్డలో చుట్టాను. పన్నెండు రోజులకు మూడు మొలిచాయి. అప్పుడు పొట్లం వెనక చదివితే, గడువు నాలుగు నెలల కిందటే ముగిసింది. వంగకు కనీసం 70 శాతం మొలక ఉండాలి. అది కూడా ఆ పొట్లం మీదే అచ్చయి ఉంది.

గుడ్డ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. యజమాని దాని వైపు చూడనైనా లేదు. ‘‘నీళ్ళు పోయడం రాకపోతే విత్తనం ఏం చేస్తుందమ్మా?’’ అన్నాడు. మిరప విత్తనానికి వచ్చిన రైతుల వైపు తిరిగి, ‘‘డాబా మీద సేద్యమట’’ అని నవ్వాడు. ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నేను వెళ్ళింది నలభై రూపాయల కోసం కాదు. ముఖం వేడెక్కింది, గుడ్డ మడవబోతే చేతులు వణికాయి. ఒక పెద్దాయన మాత్రం గుడ్డ అందుకుని గింజలు లెక్కపెట్టి, ‘‘ఇరవైకి మూడేనా? దీన్ని నమ్మి ఎకరానికి నారు పోసుకున్నవాడి గతి ఏమిటయ్యా?’’ అని అడిగారు. యజమాని మాట్లాడలేదు. డబ్బూ ఇవ్వలేదు. రసీదు తీసుకోలేదు కాబట్టి ఫిర్యాదు కూడా చేయలేకపోయాను. పది రూపాయల విత్తనమైనా రసీదు అడగండి, ఇవ్వనన్న చోట కొనకండి.

రెండోసారి వేరే చోట కొన్నాను. ఎనిమిదో రోజుకు కుండీ నిండా పచ్చటి మొలకలు. ఆ సంబరంలో రోజుకు మూడుసార్లు నీళ్ళు పోశాను. ఒక ఉదయం చూస్తే సగం నేలకు ఒరిగి ఉన్నాయి. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, కాడ మాత్రం మట్టికి ఆనిన చోట దారంతో బిగించినట్టు సన్నబడి, నీరు పట్టి మెత్తబడింది. నారుకుళ్ళు తెగులు. మర్నాటికి ఒక్కటీ మిగలలేదు. ఈసారి నిందించడానికి దుకాణం లేదు. ఒత్తుగా చల్లింది, తడి ఆరనివ్వనిది నేనే.

మూడోసారి విత్తనం ఊళ్ళో మా పెద్దమ్మ ఇచ్చింది. చెట్టున పండిన కాయ గింజలను కడిగి, నీళ్ళలో మునిగినవే ఏరి, ఆరబెట్టి బూడిదలో దాచినవి. మట్టిలో ట్రైకోడెర్మా (నారుకుళ్ళును అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం) కలిపి, వేలెడు ఎడంతో గింజలు పెట్టాను. పైమట్టి ఆరితేనే, అదీ ఉదయం పూటే నీళ్ళు. పుల్ల మాత్రం ముట్టుకోలేదు. రోజూ పొద్దున ఒక పావుగంట కుండీ దగ్గర ఊరికే కూర్చునేదాన్ని. పిల్లవాడు లెక్క చేయడానికి ఆలస్యం చేస్తే పెన్సిలు లాక్కునేదాన్ని, ఈ మధ్య పక్కన కూర్చుని చూస్తున్నాను. వాడే చెప్పాడు, ‘‘అమ్మా, నువ్వు అరవడం లేదు’’ అని.

ఇరవైకి పద్దెనిమిది మొలిచాయి. ఆ పెద్దాయనకు చూపించాలని ఉంది.

మంచి కాయ ఒకటి కోయకుండా చెట్టునే వదిలి, తొడిమకు ఎర్రదారం కట్టాను. అది పసుపు పచ్చగా పండేదాకా ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో చెప్పాను.