సూయజ్ కాలువ మీద ఒక కేసీ కెనాల్ వర్క్ ఇన్‌స్పెక్టర్

ముప్పై ఒక్క ఏళ్లు కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయినోణ్ణి. నాకు తెలిసిన నీళ్లకు రెండు పక్కలా గట్టుంటుంది. గట్టే లేని నీళ్ల మీద పదిహేడు రాత్రులు పడుకుంటానని ఎన్నడూ అనుకోలేదు.

2023 జనవరిలో దుబాయ్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. “నాయనా, ఏప్రిల్లో ఇక్కణ్నుంచి ఇటలీకి ఓడ పోతాంది. మీరిద్దరూ ఎక్కండి.” చలికాలమంతా గల్ఫులో తిరిగే ఓడలు ఎండలు ముదిరే వేళకు మధ్యధరా సముద్రానికి మకాం మార్చేవంట అప్పట్లో. ఖాళీగా పోవడమెందుకని ఆ ఒక్క ప్రయాణానికి టికెట్లు చౌకగా అమ్మేవాళ్లు. కిటికీ లేని గదయితే ఇంకా చౌక. పైకెక్కితే ఉండేదంతా సముద్రమే, కిటికీ ఎందుకని అదే తీసుకున్నాం.

ఓడలో ఉండడం సులభం, ఓడ దాకా పోవడమే కష్టం. నాకు పాస్‌పోర్టు ఉంది, మా ఇంటామెకు లేదు. కర్నూలు పోస్టాఫీసులోనే సేవా కేంద్రం ఉంది, ఫీజు 1,500 రూపాయలు. చిక్కంతా పేరు దగ్గర వచ్చింది. ఆధార్‌లో ఆమెది ఒట్టి పేరే, ఇంటిపేరు లేదు. ఆ గడి ఖాళీగా వదిలినా మన దేశంలో పాస్‌పోర్టు ఇస్తారు గానీ, ఒంటి పేరున్న పాస్‌పోర్టుకు టూరిస్టు వీసా ఇవ్వమని దుబాయ్ ఉండే యూఏఈ దేశం వాళ్లు 2022 నవంబరులోనే తేల్చేశారు. అందుకని ముందు ఆధార్ దిద్దించి, ఆ తర్వాతే అర్జీ పెట్టాం. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ “ఏం పని మీద పోతాండావు పెద్దమ్మా?” అని అడిగితే “ఊరికే” అనింది. ఆ జవాబు రాసుకోవడానికి ఆయన కాగితంలో గడి లేదు.

యూరప్ వీసాకు వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాదు పోయొచ్చాం. అప్పుడు ఫీజు మనిషికి 80 యూరోలు. వైద్య బీమా 30,000 యూరోలకు తక్కువ ఉండకూడదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే అర్జీ పెట్టాలి. మాకు గ్రీసులో ఒక్క రోజు, ఇటలీలో మూడు రోజులు కాబట్టి ఇటలీ వాళ్లకు పెట్టాం. మధ్యలో ఆగే రేవులకు ఏమేం కావాలో ఓడ కంపెనీకి రాసి, జవాబు కాగితం మీదే తెప్పించుకున్నాను. ఆఫీసు బుద్ధి.

దుబాయ్ రషీద్ రేవులో సామాన్లు ఎక్సరే మిషన్లో పోతాంటే మా పెట్టె పక్కకు తీశారు. లోపల చిన్న కరెంటు కుక్కరుంది. పదిహేడు రోజులు రొట్టె తిని ఎట్ల బతకాలని ఈమె చీరల మధ్య దాచింది. నడి సముద్రంలో నిప్పంటుకుంటే పారిపోయే చోటు ఉండదు, అందుకే కుక్కర్లు, ఇస్త్రీ పెట్టెలు గదుల్లోకి రానివ్వరు. దానికి చీటీ కట్టి, దిగేటప్పుడు తీసుకోండన్నారు. చెనిక్కాయల పొడి డబ్బా మూత తీసి వాసన చూసినాయన మాత్రం రెండుసార్లు తుమ్మి, మారు మాట్లాడకుండా చేతికిచ్చేశాడు.

ఓడ కదలకముందే అందరినీ పోగేసి ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే ఎవరికి చెప్పిన చోటికి వాళ్లు చేరాలి. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో కొన్ని దేశాలు కూడి ఓడల భద్రతకు ఒప్పందం రాసుకున్నాయి, ఈ కసరత్తులన్నిటికీ మూలం అదే. చాలామంది ఫోన్లు చూసుకుంటాన్నారు. నేను మాత్రం చెవులు రిక్కించి విన్నాను. 2009 అక్టోబరులో కర్నూలు మునిగిన రాత్రి ఎవరు ఎక్కడికి పోవాలో మాకెవరూ చెప్పలేదు.

ఓడలో డబ్బులతో పని లేదు. గది తాళమూ పర్సూ ఒక కార్డే. తిండి టికెట్లోనే కలిసి ఉంటుంది గానీ, పనివాళ్ల టిప్పులు రోజుకింతని మనిషి లెక్కన కార్డులో రాసుకుంటారు. అది ముందే లెక్కేసుకోకపోతే చివర్రోజు గుండె గుభేలంటుంది. పప్పన్నం దొరికింది. పెరుగు మాత్రం చిన్న చిన్న గిన్నెల్లో, తియ్యగా. నీళ్లెక్కడివని అడిగాను. సముద్రపు నీళ్లనే ఓడలో మంచినీళ్లు చేసుకుంటారంట. ఆ మిషన్లు చూపించమంటే నవ్వి ఊరుకున్నారు.

డెక్కు మీద తాళ్లు చుట్టే గోవా కుర్రాడొకడు నాకు బాగా చేరువయ్యాడు. కాలువ మీద గేట్లెత్తేవాణ్ణి మేం లస్కరంటామని చెబితే తెల్లబోయాడు. వెనకటికి దొరల ఓడల్లో పనిచేసే మనవాళ్లని కూడా లస్కర్లనే అనేవాళ్లంట. వాళ్ల తాత ఆ పిలుపుతోనే బతికాడంట. ఓడ మీది మాట మా కాలువ మొదలయ్యే సుంకేసుల గేట్ల దాకా ఎట్ల నడిచొచ్చిందో!

ఒమాన్‌లోని సలాలా రేవులో సాంబ్రాణి, కొబ్బరితోటలు. ఆ తర్వాత ఐదు రోజులు రేవే లేదు. ఏడెన్ సింధుశాఖలో సముద్రపు దొంగల భయమని రాత్రిళ్లు బయటి దీపాలు తగ్గించేశారు, డెక్కు మూసేశారు. ఒక మధ్యాహ్నం అందరినీ కిటికీలకు దూరంగా, గదుల మధ్య ఉండే నడవాలో కూచోబెట్టి కసరత్తు చేయించారు. “మన గదికి కిటికీ లేకపోవడమే మేలయింది” అనింది మా ఇంటామె. ఎర్రసముద్రం ఎర్రగా ఏమీ లేదు.

జోర్డాన్‌లోని అకాబా రేవు నుంచి, కొండరాతిలో చెక్కిన పాతకాలపు ఊరు పెట్రాకు బస్సులో రెండు గంటలు. సొంతంగా పోతే చవకే. కానీ ఓడ వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మన టాక్సీ ఆలస్యమైతే ఆగదు. అందుకని డబ్బులు పెట్టి వాళ్ల బస్సే ఎక్కాం. రెండు కొండల నడుమ సందులో 1.2 కిలోమీటర్లు నడవాలి. అందరూ చివర కనపడే ఎర్రరాతి కట్టడం కోసం పరుగెత్తుతాంటే నేను గోడ దగ్గరే ఆగిపోయాను. నడుమెత్తున రాతిలో సన్నటి కాలువ చెక్కి ఉంది. రెండు వేల ఏళ్ల కింద అక్కడుండిన నబతీయులు ఊరికి నీళ్లు తెచ్చుకున్న దారి అది. వాలు ఎంత ఇచ్చారో అని అరచేయి ఆనించి చూస్తాంటే “ఇంకా డ్యూటీలోనే ఉండావా?” అని ఈమె చెయ్యి పట్టి లాగింది.

సూయజ్ ముందు రాత్రి నాకు ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. పది రోజులుగా మంచం కింద నుంచి వచ్చే అదురు ఆగిపోయింది. ఓడ లంగరేసింది. వరసగా పోయే ఓడల్లో మా వంతు కోసం కాచుకుని, తెల్లవారుజామున కాలువలో దూరాం. కాలువలో దారి చూపే పైలట్ ఓడ ఎక్కాడు. నేను ఐదింటికే పై డెక్కు మీద ఉన్నాను.

193 కిలోమీటర్లు, ఓడను ఎత్తీ దించే గేట్ల లాకు ఒక్కటీ లేదు. ఇటు ఎర్రసముద్రం, అటు మధ్యధరా, రెండింటి మట్టానికి పెద్ద తేడా లేదు కాబట్టి లాకులక్కర్లేదు. గంటకు 15 కిలోమీటర్ల ప్రాంతంలో పోనిచ్చారు. వేగంగా పోతే అల లేచి గట్లు కోసేస్తుంది. గట్లకు రాతి రివిట్‌మెంటు, అంటే కోత పడకుండా రాళ్ల పేర్పు. పూడిక తీసే డ్రెడ్జర్లు పని మీద ఉన్నాయి. ఎడమ పక్క పచ్చటి పొలాలు, కుడి పక్క సినాయ్ ఇసుక. ఆ పచ్చదనం ఎక్కడిదంటే, పెద్ద కాలువ తవ్వే కూలీల కోసం నైలు నుంచి మంచినీళ్ల కాలువ ఒకటి తెచ్చారు. అది 1863లో సూయజ్ చేరింది. మా కేసీ కెనాల్‌కు పార పడిందీ ఆ ఏడే. 1869 నవంబరులో సూయజ్ తెరిచారు, మాది 1870కి ముగించారు. మాదీ సేద్యానికే కాదు, పడవలకు కూడా తవ్విందే. ఒక ఇంగ్లీషు కంపెనీ డబ్బు పెట్టి, నష్టపోయి, 1882లో సర్కారుకు అమ్ముకుంది. 1933 దాకా పడవలు నడిచాయి. ఇక్కడేమో నా ముందొక ఓడ, వెనకొక ఓడ, వాటి మీద ఇళ్లంత ఎత్తున పెట్టెలు. నాకు అసూయ పుట్టింది, దాచేదేముంది!

2021 మార్చిలో 400 మీటర్ల ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కున్నది ఈ దక్షిణపు ముక్కలోనే. ఆ పైన ఉప్పు సరస్సు. 1967 యుద్ధంలో పద్నాలుగు ఓడలు అక్కడ చిక్కి, 1975 దాకా కదల్లేదు. ఎనిమిదేళ్లు! కాలువ అటు చివర పోర్ట్ సయీద్ వచ్చేదాకా నేను అన్నానికి దిగలేదు.

ఆ సంబరంలో అమ్మాయికి వీడియో కాల్ చేశాను. నా ఫోన్ పట్టుకున్నది ఓడ మీది ఉపగ్రహపు లైనని నాకేం తెలుసు? ఆరు వేలు పడింది. కోపంతో ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పడేశాను. అది ఇంకో తంటా తెచ్చింది. దుబాయ్ నుంచి ఇంతవరకూ రాత్రిళ్లు గడియారం వెనక్కే తిప్పుకుంటా వచ్చాం, రోజుకు ఇరవై ఐదు గంటలని సంతోషపడ్డాం. గ్రీసు ముందు మాత్రం గంట ముందుకు తిప్పమన్నారు. అలలు ఎక్కువై ఈమెకు కడుపులో తిప్పుతాంటే, గది మనిషి తెచ్చిచ్చిన పచ్చి యాపిల్ ముక్కలు తినిపిస్తా ఆ మాట వినలేదు. ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్న ఫోన్ తనంతట తాను మారలేదు. గ్రీసు రేవు పిరేయస్ నుంచి మెట్రోలో ఏథెన్స్ పోయి, పార్థెనాన్ అనే పాతకాలపు గుడి చూసి, నింపాదిగా ఐస్‌క్రీం తింటాంటే ఎదుటి అంగడి గోడ గడియారం కనపడింది. ఓడ మెట్లు తీసేయడానికి నలభై నిమిషాలే ఉంది. అరవై రెండేళ్ల మనిషి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మెట్రో మెట్లు దిగింది చూడండి, నేనందుకోలేకపోయాను.

రోముకు దగ్గర్లోని చివిటవెక్కియా రేవులో దిగేటప్పుడు కుక్కర్ చీటీతో సహా భద్రంగా ఇచ్చారు. రోములో మూడు రోజులు దాన్ని మోసింది నేనే.

ఇంటికొచ్చి వారమైనా మంచం ఊగుతానే ఉండింది. మే నెల, కాలువలో చుక్క నీళ్లు లేవు. ఒక రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే ఈమె ఉలిక్కిపడి లేచి కూచుంది. “ఏమయ్యో, ఏ రేవొచ్చింది?”