లింకన్‌లో వాలిన కారు

శుక్రవారం సాయంత్రం కాన్సస్ సిటీలో బయల్దేరాను. ఐ-29 మీద పైకి పోయి, నెబ్రాస్కా సిటీ దగ్గర మిస్సోరి నది దాటి హైవే 2 ఎక్కితే మూడు గంటల్లో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్. దారంతా మొక్కజొన్న చేలే. ఒళ్లు మండింది మాత్రం మోటెల్‌లో. శనివారం యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందట, మామూలుగా 80 డాలర్లకిచ్చే గదికి 210 తీసుకున్నారు. దుప్పటికి సిగరెట్ వాసన. నేను వచ్చింది ఆటోక్రాస్‌కి, అంటే కోన్లు పెట్టి గీసిన దారిలో ఒక్కో కారుని విడిగా నడిపి టైమ్ చూసే పోటీకి. దాని ఫీజు ఇంకో 60. ఆరు రన్లు, ఒక్కోటి నిమిషం లోపే. ఆరు నిమిషాల డ్రైవింగ్‌కి ఇంత ఖర్చా అని మా ఆవిడ అడిగితే నిజంగానే ఏం చెప్పాలో తోచలేదు.

పోటీ జరిగేది ఎయిర్‌పార్క్‌లో. 1966లో మూతపడ్డ ఎయిర్‌ఫోర్స్ బేస్ తాలూకు పాత కాంక్రీటు అది. 2009 నుంచి అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ ఎస్‌సీసీఏ నడిపే సోలో (ఆటోక్రాస్‌కి వాళ్ల పేరు) జాతీయ పోటీలకు ఇదే వేదిక. నేను వెళ్లింది చిన్న క్లబ్ ఈవెంట్‌కి. అయినా పొద్దున్నే ఆ కాంక్రీటు మీద కోన్ల మధ్య నడుస్తుంటే కడుపులో టెన్షన్ మొదలైంది. కోన్ పడితే రెండు సెకన్లు కలుపుతారు. దారి తప్పితే ఆ రన్ పోయినట్టే.

నాది మజ్దా మియాటా. బరువు 1,060 కిలోల చిల్లర, 181 హార్స్‌పవర్. సస్పెన్షన్ కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. నేను దిగే స్ట్రీట్ క్లాసులో (పెద్దగా మార్పులు చెయ్యని కార్ల విభాగం) స్ప్రింగుల ఊగుని అదుపు చేసే షాక్‌లు, వాలుని తగ్గించే యాంటీరోల్ బార్ ఒకటి మార్చుకోవచ్చు గానీ స్ప్రింగుల జోలికి వెళ్లకూడదు. నేను ఆ రెండూ కూడా మార్చలేదు. మెత్తటి స్ప్రింగులు కదా, మలుపులో కారు బాగా వాలుతుంది. ఫొటోల్లో బయటి వైపు కుంగిపోయి, లోపలి వైపు పైకి లేచి కనిపిస్తుంది. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు మనసు చిన్నబోయేది. క్లాసు పోయినా సరే, 1,500 డాలర్ల కాయిలోవర్లు (స్ప్రింగూ షాకూ కలిసొచ్చే సెట్టు) కొనేద్దామని చూసి పెట్టుకున్నాను.

మొదటి మూడు రన్లలో బెస్ట్ 58.6 సెకన్లు. వరసగా కోన్లు పెట్టిన స్లాలమ్‌లో మూడో కోన్ దగ్గరకి వచ్చేసరికి ప్రతిసారీ కారు నా చేతిలోంచి జారిపోయేది. టైరు అంచున సుద్దముక్కతో గీసిన గీతలు మొదటి రన్‌కే పూర్తిగా అరిగిపోయాయి. టైరు మడత పడి పక్కగోడ మీద నడుస్తోందన్నమాట. పక్కన ఉన్న కుర్రాడు “స్ప్రింగులు మార్చెయ్, ఇంకేం చేసినా దండగ” అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది.

ఆ రోజు కొత్తవాళ్లకు నేర్పుతున్న ఒకావిడ, అరవై దాటి ఉంటాయి, నాలుగో రన్‌కి పక్క సీట్లో కూర్చుంది. రన్ అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆపాక అంది: “కారు ఒక పక్కకి వాలి కుదురుకునేదాకా నువ్వు ఆగవు. అది ఇంకా వాలుతుండగానే అటు నుంచి ఇటు లాగేస్తావు. చేతులు నెమ్మదిగా తిప్పు, కానీ ముందే మొదలుపెట్టు.” తర్వాత నన్ను పక్క సీట్లోకి మార్చి తనే నడిపింది. అదే కారు, అవే స్ప్రింగులు, టైర్లలో అదే గాలి. 54.8.

ఆ రన్‌లో నేను చూసింది ఆవిడ చేతుల్నే. కోన్ చేరకముందే స్టీరింగ్ కదలడం మొదలయ్యేది. కారు హాయిగా ఒక పక్కకి ఒరిగి అక్కడే నిలిచేది. మళ్లీ అంతే నిదానంగా రెండో పక్కకి. ఆ కదలిక నాకు తెలుసు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే ఆర్టీసీ బస్సులో, నాన్న పక్కన ఇంజన్ బానెట్ మీద కూర్చుని చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. బస్సు నిండా జనం, టాప్ మీద మూటలు, ప్రతి మలుపులోనూ ఇప్పుడే పడిపోతుందా అన్నంత వాలు. డ్రైవర్ మాత్రం ఆ పెద్ద స్టీరింగ్‌ని అరచేతులతో కొంచెం కొంచెంగా జరిపేవాడు. ఒకసారి వాలిన బస్సు మలుపు అయ్యేదాకా అలాగే ఉండేది, మధ్యలో కుదుపు లేదు. నిలబడ్డవాళ్లు తూలేవాళ్లు కాదు. వాలడం ఒక తప్పు అని ఆ బస్సులో ఎవరికీ అనిపించలేదు.

ఐదో రన్‌లో మరీ ముందే తిప్పి ఒక కోన్ పడగొట్టాను. ఆరో రన్ ముందు టైర్ల మీద మళ్లీ సుద్ద గీసుకున్నాను. స్లాలమ్‌లో ఎదురుగా ఉన్న కోన్‌ని వదిలేసి దాని తర్వాతి దాన్ని చూశాను. మూడో కోన్ దగ్గర కారు వాలింది, ఆగాను, కుదురుకుంది, అప్పుడు తిప్పాను. 56.1, ఒక్క కోనూ పడలేదు.

ఆవిడ టైమ్ అడగలేదు. వచ్చి ముందు టైరు దగ్గర వంగి చూసింది, నన్నూ చూడమంది. అంచున సుద్ద గీతలు సగం దాకా అలాగే ఉన్నాయి.