ఫోను వారి చేతిలోనే ఉండాలి

నిజామాబాద్ జిల్లాలో బీడీలు చేసి పని మానుకున్న మహిళలకు స్మార్ట్‌ఫోను వాడకం నేర్పే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థతో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మా వాలంటీర్లందరం తప్పకుండా పాటించే నియమం ఒకటుంది: నేర్పేవారు నేర్చుకునేవారి ఫోనును తమ చేతిలోకి తీసుకోకూడదు. ఆ నియమం నా తప్పు వల్ల పుట్టింది కనుక దాని గురించి రాయవలసిన బాధ్యత కూడా నాదే.

మొదటి ఏడాది మేము వెళ్లింది లైఫ్ సర్టిఫికెట్ల కోసం. బీడీ కార్మికుల్లో చాలామందికి ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్-95) కింద పింఛను వస్తుంది. 2014లో దాని కనీస మొత్తాన్ని నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. అది ఆగకుండా రావాలంటే తాము బతికే ఉన్నామని ఏడాదికోసారి నిరూపించుకోవాలి. ఆ రుజువును ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్ పద్ధతి 2014లో మొదలైనప్పుడు అందుకు వేలిముద్రో కంటిపాపో కావలసి వచ్చేది. ఏళ్ల తరబడి తునికాకు కత్తిరించి, చుట్టి, దారం కట్టిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. యంత్రం మీద ఎన్నిసార్లు ఆనించినా ముద్ర పడదు. 2021లో ముఖం చూపించి ధ్రువీకరించుకునే సదుపాయం వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది. ఆధార్ ఫేస్‌ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు, నెట్, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, ముఖం మీద మంచి వెలుతురు ఉంటే పని జరిగిపోతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో అలవాటైన వేగంతో నేను ఒక్క రోజులోనే నలభై మంది పని పూర్తి చేశాను. ఒక్కొక్కరి ఫోను తీసుకుని, వచ్చిన ఓటీపీ చూసి, నా ఫోనులో కొట్టి, వారి ఫోను వారికి ఇచ్చేశాను. అందరూ దీవించారు. ఎంతో మేలు చేశానన్న తృప్తితో ఇంటికి వెళ్లాను.

మరుసటి ఏడాది వెళ్లేసరికి వారిలో ఒక అవ్వ ఖాతాలోంచి తొమ్మిది వేల రూపాయలు పోయాయి. పింఛను పెంచుతామంటూ ఇంటికి వచ్చిన ముక్కూ మొహం తెలియని మనిషికి ఆమె తన ఫోను ఇచ్చింది. ఎందుకిచ్చావవ్వా అని అడిగాను. ‘నువ్వు అడిగితే ఇయ్యలేదా బిడ్డా? ఆయన గూడ నీ లెక్కనే అడిగిండు’ అన్నది. నాకు నోట మాట రాలేదు. మోసం జరిగిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేస్తే ఆ డబ్బు చేతులు మారకముందే ఆపించే అవకాశం ఉంటుంది గాని, మాకు తెలిసేసరికే నెల దాటింది. ఫిర్యాదు చేశాం. డబ్బు మాత్రం రాలేదు.

అప్పటి నుంచి పద్ధతి పూర్తిగా మార్చుకున్నాం. ఇప్పుడు ఆదివారానికి నలభై మందికి బదులు ఆరుగురు కూర్చుంటారు. మా చేతులు మా ఒళ్లోనే ఉంటాయి. మొదటి రెండు వారాలు యాప్‌ల ఊసే ఎత్తం, తెరను తాకడం ఒక్కటే నేర్పుతాం. బీడీ చుట్టే వేలికి ఒత్తడం అలవాటు. ఆకు విడిపోకుండా బొటనవేలితో గట్టిగా అదిమిపట్టాలి కదా. అదే అలవాటుతో తెర మీద వేలు అదిమి ఉంచేసరికి ఫోను దాన్ని తాకడంగా కాక నొక్కి పట్టుకోవడంగా లెక్కవేసి మరేదో చూపిస్తుంది. ‘పాడుచేసిన్నేమో’ అని వెంటనే ఫోను మన ముందుకు నెడతారు. దాన్ని అందుకోకుండా ఆగడమే మాకు అన్నిటికంటే కష్టమైన పని. పసిబిడ్డ బుగ్గ మీద వేలు పెట్టినట్టు తాకమని ఒక పెద్దమ్మ పక్కామెకు చెప్పింది. నేను వారం రోజులుగా వెతుకుతున్న మాట అది. ఇప్పుడు మేమందరం అలాగే చెబుతున్నాం.

చదువు రాని వారికి ఎలా నేర్పుతారని చాలామంది అడుగుతారు. అక్షరాలు రాకపోయినా వీరికి అంకెల్లో పొరపాటు జరగదు. కట్టకు 25 బీడీలు, వెయ్యి బీడీలకు ఇంత కూలి అని జీవితమంతా లెక్క చూసుకున్నవారు. అందుకే యూపీఐ పిన్ సంగతి లెక్కగానే చెబుతాం: డబ్బు మన దగ్గర నుంచి పోయేటప్పుడు పిన్ కావాలి, రావడానికి అక్కర్లేదు. డబ్బు వేస్తాను, పిన్ కొట్టు అని ఎవరన్నా అది దొంగ మాటే. ఈ ఒక్క విషయం నోటికి వచ్చేదాకా పదిసార్లు అడుగుతాం.

చాలా సమస్యలకు మందు ఫోనులో దొరకదు. బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు గల్ఫ్‌లో ఉన్న కొడుకుది, ఆ సిమ్ము ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. నంబరు మార్పించడానికి పనిరోజున సెలవు పెట్టి వారితో బ్యాంకు దాకా వెళ్లాలి. ఒక్క రోజు శిబిరం పెట్టి, బ్యానరు ముందు ఫొటోలు దిగి వెళ్లిపోయే వారి మీద నాకు కోపం రావడానికి కారణం ఇదే. శిక్షణ అయిపోయాక మూడో వారంలో అసలు ప్రశ్నలు మొదలవుతాయి, అప్పుడు ఆ గదికి తాళం వేసి ఉండకూడదు. ఎక్కడో నేర్చుకున్న పాఠాలు చెప్పగల వాలంటీరు కంటే, ఏ గదిలో, ఏ రోజు, ఏ వేళకు ఉంటానన్నాడో ఆ వేళకు ఉండే మనిషి మాకు ఎక్కువ అవసరం.

జీవన్ ప్రమాణ్ యాప్‌లో మొదట ఒకరు తమ ఆధార్‌తో ఆపరేటరుగా నమోదు కావాలి. అందుకు ప్రత్యేక అర్హత ఏదీ అక్కర్లేదు. మొన్న ఆ వాడకట్టులో ఆపరేటరుగా కూర్చున్నది డబ్బు పోగొట్టుకున్న అవ్వ కోడలే. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. అత్త వంతు వచ్చినప్పుడు ఓటీపీ కోసం కోడలు అలవాటుగా చెయ్యి చాపింది. అవ్వ ఫోను ఇవ్వలేదు. ‘పింఛనుదేనా గిది?’ అని అడిగి, అవునన్నాక కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆరు అంకెలనూ ఒక్కొక్కటిగా తానే చదివి వినిపించింది.