మన రక్తంల లెక్కలున్నయని చెప్పింది నేనే

ఇక్కడ అమెరికాల మా పెద్దోడు బాస్కెట్‌బాల్ మానేస్త అన్నడు. పదేండ్లోడు. ఎందుకురా అంటే "బ్లాక్ పిల్లలకు అది బ్లడ్‌లనే ఉంటది మమ్మీ, మనకు మ్యాథ్స్ ఉంటదని నువ్వే అన్నవు కదా" అన్నడు. టీమ్‌ల ఆ పిల్లల పక్కన కూసునుడు గూడ బంద్ చేసిండట, వాళ్లు వేరే టైప్ అంట.

అవును, నేనే అన్న. హోంవర్క్ కాడ ఏడుస్తుంటే ధైర్యం చెప్దామని మస్తు సార్లు అన్న.

నిజానికి నాకు లెక్కలు రక్తంల ఎన్నడు లేవు. హన్మకొండల పొద్దుగాల ఐదింటికి లేచి ట్యూషన్‌కు ఉరికి, లాంగ్ టర్మ్ తీసుకొని ఎంసెట్ రెండోసారి రాస్తే సీటొచ్చింది. ఇక్కడున్న మనోళ్లల్ల ఇంజినీర్లు, డాక్టర్లు గంతమంది ఎందుకున్నరంటే 1965ల వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం చదువుకున్నోళ్లకు దారి తీసింది, తర్వాత హెచ్‌వన్‌బీ వీసా వచ్చింది, అంటే జల్లెడ పట్టి తెచ్చుకున్నరు, మనమేమో ఆ జల్లెడను రక్తం అనుకుంటున్నం. ఇదే వానికి చెప్పిన. ఇక్కడి జనాభా లెక్కల్ల 1920 నుంచి 1940 దాక మనది "హిందూ" అనే రేస్, సిక్కులైనా ముస్లింలైనా అదే, 1970ల తెల్లోళ్లల్ల కలిపిన్రు, 1980ల ఏషియన్ ఇండియన్ అన్నరు, మరి ఈ అరవై ఏండ్లల్ల రక్తం ఎన్నిసార్లు మారిందిరా అని అడిగిన. మనుషుల జన్యువుల్ల ఉన్న తేడాల్ల దాదాపు 85 శాతం ఒక్కొక్క గుంపు లోపలనే ఉంటయని 1972ల రిచర్డ్ లెవాంటిన్ అనే జన్యు శాస్త్రవేత్త లెక్క తీసిండని గూడ చెప్పిన.

అంతా విని "మరి నువ్వెందుకు అట్ల అన్నవు?" అన్నడు.

నా చిన్నప్పుడు మా ఇంట్ల పనికొచ్చే అవ్వకు గోడ మీద వేరే గిలాస ఉండేది. ఎందుకని నాకు ఎవ్వరు చెప్పలే, నేను అడగలే, ఆమె లోపలనే ఏదో వేరేగ ఉంటదేమో అని నాకు నేనే అర్థం చేసుకున్న. ఆమె నన్ను ఎత్తుకొని తిప్పింది, జరమొస్తే పక్కనే కూసున్నది, అయినా ఆ గిలాసల నేనెన్నడు నీళ్లు తాగలే. మావోడు ఆ పిల్లల పక్కకెళ్లి లేచిండని తెల్సినప్పుడు నాకు ఆ గిలాసనే యాదికొచ్చింది. లోపల వేరే అనుకుంటే చాలు, ఇగ దగ్గరికి పోబుద్ధి కాదు.

పిల్లల ముందర రక్తం మాట ఎత్తొద్దని వేరే తల్లులకు చెప్పాల్నని ఇది మొదలువెట్టిన. కని పోయిన ఆదివారం అమ్మ ఫోన్ల తమ్మునికి సంబంధం వచ్చిందంటే నా నోట్లెకెళ్లి ముందుగాల వచ్చిన మాట "మనోళ్లేనా?" మావోడు పక్కనే సీరియల్ తింటున్నడు.

శనివారం ప్రాక్టీస్ ఉంది. షూస్ తలుపు కాడ పెట్టిన.