మొదటి ఇంటి లోను: వడ్డీ రాయితీ ఎక్కడ చేజారుతుంది

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో మొదటి ఇల్లు కొనేవాళ్లు పీఎంఏవై అర్బన్ 2.0 (పట్టణాల్లో ఇళ్లకు కేంద్రం ఇచ్చే ప్రధానమంత్రి ఆవాస్ యోజన) వడ్డీ రాయితీని దయచేసి వదులుకోకండి. కుటుంబ ఏడాది ఆదాయం 9 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు దాటకూడదు. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. పెళ్లయినవాళ్లకు ఊళ్లో అమ్మానాన్నల పేరున ఇల్లు ఉంటే అడ్డు కాదు. ఇక్కడ కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలే.

మొదటి 8 లక్షల మీదే 4 శాతం రాయితీ. గరిష్ఠంగా 1.80 లక్షలు, ఏడాదికొకటి చొప్పున 5 వాయిదాల్లో వస్తుంది. చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే. జీడిపిక్కల డబ్బో, చీటీ డబ్బో చేతికొచ్చిందని లోను తొందరగా తీర్చేస్తారు. వాయిదా విడుదలయ్యేనాటికి అసలులో సగానికిపైగా బాకీ ఉంటేనే రాయితీ.

దరఖాస్తుకు ముందు ఇంట్లో అందరి ఆధార్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆధార్‌లో అప్పలనాయుడు, పాస్‌బుక్కులో అప్పల్నాయుడు అని ఉంటే ముందు అది సరిచేయించండి.