బొటనవేలికి పసుపు

మా ఆఫీసులో ఎవరెవరిని తీసేస్తారో రెండు మూడు రోజుల్లో మెయిల్ వస్తుందన్నారు. ఆ శనివారం తెల్లవారుజామున నేను అలిపిరిలో ఉన్నాను. మొక్కేమీ లేదు. ఇంట్లో ఉంటే నిద్ర పట్టడం లేదు, అంతే.

కౌంటర్లో బ్యాగుతో పాటు ఫోన్ కూడా అప్పగించి రసీదు తీసుకున్నాను. నాలుగు మెట్లెక్కానో లేదో, చెయ్యి జేబు తడుముకుంది.

మొత్తం 3,550 మెట్లు. లెక్క మొదలుపెట్టాను. 500 దగ్గర ఆగి పద్నాలుగు శాతం అనుకున్నాను. మోకాళ్లు అప్పటికే లాగుతున్నాయి, మిగతా ఎనభై ఆరు శాతం ఎలా? ఉద్యోగం పోతే ఈఎంఐ ఎలా, పిల్లల ఫీజులు ఎలా అని రాత్రి రెండింటికి లేచి వేసే లెక్కలూ ఇలాంటివే. ముందుచూపు ఉండొద్దని కాదు. రైలు టికెట్టు, దర్శనం నేనూ ముందే చూసుకునే బయల్దేరాను. అది ఒకసారి చేస్తే అయిపోయే పని. రాత్రి లెక్కలకు ఆ అయిపోవడం ఉండదు. 'కర్మణ్యేవాధికారస్తే' చిన్నప్పుడే బట్టీ పట్టాను. దానివల్ల ఒక్క రాత్రి కూడా నిద్ర పట్టిన గుర్తు లేదు.

గాలి గోపురానికి ఇంకా చాలా కింద ఒక పెద్దావిడ మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి బొట్టు పెడుతూ ఎక్కుతోంది. తడిపిన పసుపు గిన్నె ఒక చేతిలో, కుంకుమ పొట్లం కొంగులో.

"ఎన్ని మెట్లయ్యాయమ్మా?" అన్నాను.

"నన్నడుగుతావేంది నాయనా? పక్కన రాసుంటారు, చూసుకో," అని గిన్నె నా చేతికిచ్చింది. "ఊరికే నిలబడే బదులు పసుపు రాయి. నడుము పట్టేసింది."

ఏ సూక్తో చెబుతుందనుకున్న నేను పనిలో పడ్డాను.

రాతి మెట్టు అంచు చల్లగా ఉంది. పాత పసుపు పొరలు పొరలుగా ఎండి గరుకుగా తగులుతోంది. ఎవరో వెలిగించిన కర్పూరం మసి పక్కనే. బొటనవేలితో అడ్డంగా ఒక గీత, ఆమె దాని మీద మూడు బొట్లు. తర్వాతి మెట్టు. "కింద చూసుకో, తడిగా ఉంది," అంటుంది అప్పుడప్పుడూ. అంతకుమించి మాటల్లేవు. ఎన్ని మెట్లకు రాశానో చెప్పలేను. తలెత్తేసరికి గాలి గోపురం.

ఆమె అక్కడ కూలబడింది. నేను నడిచాను. ఆ తర్వాత చాలా దూరం దారి చదునుగానే ఉంటుంది. చిత్రంగా భయాలన్నీ అక్కడే తిరిగొచ్చాయి. కాలికి పని తగ్గితే తలకు పని దొరుకుతుంది కాబోలు. రామానుజులవారు మోకాళ్లతో ఎక్కారని చెప్పుకునే మోకాలిమెట్టు దగ్గర మళ్లీ ఊపిరి తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు.

కొండపైన రసీదు చూపించి సామాను తీసుకున్నాను. ఆత్రంగా ఫోన్ మీద వేలు పెట్టాను. తెరుచుకోలేదు. మళ్లీ పెట్టాను. బొటనవేలు నిండా ఎండిన పసుపు. పాస్‌వర్డ్ కొట్టొచ్చు. కొట్టకుండా, చెయ్యి కడుక్కుందామని కుళాయి ఎక్కడుందో అడుగుతూ వెళ్లాను.